కోయ్ లెడ్‌బెటర్ దాచిన ఏడాది

గురువారం సాయంత్రం మా షైలో చర్చి వంటగదిలో బల్ల మీద పది పళ్లాలు పెట్టడం కోయ్ లెడ్‌బెటర్‌కు అలవాటు. ఆ నవంబరులో వాటిలో రెండు ఖాళీగా ఉండిపోయేవి. అక్కడ వంట చేసేది నేను. తీసేద్దామా అని ఒకసారి అడిగాను.

"ఉండనివ్వండి. వాటిని చూస్తుంటే నా కోపం చల్లారకుండా ఉంటుంది," అన్నాడు.

కోయ్ మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ముందు వరసకు కోచ్. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మా దగ్గర ఫుట్‌బాలంటే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే ఆట. బంతి విసిరేవాడి ముందు ఐదుగురు భారీ కుర్రాళ్లు గోడలా నిలబడి, మీదికి దూసుకొచ్చేవాళ్లను ఆపాలి. ఎంత బాగా ఆపినా వాళ్లకు చప్పట్లు ఉండవు. ఎవడైనా తప్పు చేసిన రోజునే మైకులో వాడి పేరు వినబడుతుంది. ఆ ఐదుగురినీ నిలబెట్టడం కోయ్ పనిలో సగం. వాళ్ల వెనక ఇంకో ఐదుగురిని సిద్ధంగా ఉంచుకోవడం మిగతా సగం. మోకాళ్లూ చీలమండలూ ఎంత బలిసినవాడికైనా దేవుడిచ్చినవే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటాయి. ఆ ఏడాది కోయ్ దగ్గర ఆ రెండో ఐదుగురు పూర్తిగా లేరు.

అది అతని తప్పని నేననను. అలబామా పల్లెల్లో తిరిగి, ఎవరూ చూడని బక్క కుర్రాళ్లను తెచ్చుకునేవాడు. మూడేళ్లు తిండి పెట్టించి, అడుగు వెయ్యడం నేర్పి మనుషుల్ని చేసేవాడు. సరిగ్గా పనికొచ్చే వేళకు బదిలీ జాబితా తెరుచుకునేది. అందులో పేరు రాసుకున్నవాడిని పెద్ద యూనివర్సిటీలు డబ్బిచ్చి మరీ తీసుకుపోయేవి. అంతకుముందు ఏడాది అలా ఇద్దరు వెళ్లిపోయారు. ఒకడు వెళ్తూ పంపిన మెసేజీని కోయ్ నాకు చూపించాడు.

"మూడేళ్లు వీడికి మోకాళ్లు వంచడం నేర్పాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు," అన్నాడు. ఆ బొమ్మను మాత్రం ఫోనులోంచి తీసెయ్యలేదు.

గురువారం భోజనం ముందు వరస కుర్రాళ్లకే. జట్టులో మిగతావాళ్లకు ప్రవేశం లేదు. అందరికంటే కొత్తగా వచ్చినవాడు వడ్డించాలి, కోచ్ అంట్లు తోమాలి. ఇది కోయ్ పెట్టిన పద్ధతే. ఎవడికి బటర్‌బీన్స్ పడవో, ఎవడికి ఇంటి దగ్గర తమ్ముళ్లు ఉన్నారో అతనికి తెలుసు. మిగిలిన చికెన్ రేకు కాగితంలో చుట్టి, ఎవరూ చూడకుండా ఆ తమ్ముళ్లున్నవాడి సంచిలో పెట్టేవాడు. చూసినా నేను చూడనట్టే ఉండేదాన్ని.

ఆ ఏడాది వడ్డించే కొత్తవాడి పేరు జెరికో మింటర్. కోయ్ అతణ్ని మొదటిసారి చూసింది ఒక చిన్న హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆటలో. ఆరున్నర అడుగుల మనిషి, ఒంటి మీద కండ లేదు. ఎవరో గుద్దితే వెల్లకిలా పడి, నేలకు చెయ్యి ఆనించకుండా లేచి నిలబడ్డాడట. కోయ్‌కి అది చాలు. ఆ వారంలోనే వాళ్లింటికి వెళ్లాడు.

తల్లి ఆర్లెథా కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ముక్కుసూటి మనిషి. వంటింట్లోనే కూర్చోబెట్టి కార్న్‌బ్రెడ్ పెట్టింది.

"ఆ కుర్చీలో కూర్చుని ఇది తిన్నవాళ్లలో మీరు మూడోవారు, కోచ్. ముందు ఇద్దరూ శుభ్రంగా తిని, మళ్లీ ఫోన్ చెయ్యలేదు."

"కార్న్‌బ్రెడ్ బాగాలేకనా, మిస్ ఆర్లెథా?"

"మావాడు బక్కగా ఉన్నాడని. మీరూ అదే అనేటట్టయితే ఇప్పుడే చెప్పండి, రెండో ముక్క పెట్టను."

"పెట్టండి. బరువు మా చర్చి వంటగది చూసుకుంటుంది."

ఆమె ముక్క వేసి, ఎదురుగా కూర్చుంది. "వాడికి ఇంజనీరింగు చదవాలని ఉంది. లెక్కలు కాస్త నిదానంగా ఎక్కుతాయి. నాలుగేళ్లలో అవదు, ఐదేళ్లు పడుతుందని వాళ్ల టీచరమ్మే చెప్పింది. మీ కాలేజీ ఖర్చు పెట్టేది వాడు ఆడే నాలుగేళ్లకే. ఐదో ఏడు నేనేం చెయ్యాలి?"

దానికొక దారి ఉంది. మొదటి ఏడాది నాలుగు ఆటలకు మించి దిగకపోతే ఆ ఏడాది ఆడినట్టు లెక్కలోకి రాదు. దాచిపెట్టినట్టే ఉండి, చివర్లో ఐదో ఏడుగా చేతికొస్తుంది. కోయ్ అదంతా విడమరిచి చెప్పాడు.

"నాలుగు. ఐదోది ఉండదు. నా మాట," అన్నాడు.

"బైబిలు తీసుకురానా?"

"వద్దు. బైబిలు మీద ఒట్టేసిన కోచ్‌లు నాకు చాలామంది తెలుసు."

ఆమె నవ్విందట. ఆ నవ్వుతోనే బేరం కుదిరిందని కోయ్ మాకు చాలాసార్లు చెప్పాడు.

ఇక ఆ నవంబరు. చివరి ఆటకు ముందు ఎడమ చివర నిలబడే కుర్రాడి చీలమండ వాచి, బూటు పట్టకుండా పోయింది. అప్పటికే ఒకడు మోకాలికి కట్టుతో ఉన్నాడు. పెద్ద కోచ్ బ్రెంట్ ప్రెస్లర్ వయసులో కోయ్ కొడుకంత ఉంటాడు. శనివారం ఓడితే ఈ ఆఫీసులో కుర్చీలు మారతాయి అని అందరికీ చెప్పేశాడు. కోయ్ తన నోటుబుక్కు తీసి చూశాడు. జెరికో అప్పటికి మూడు ఆటల్లో దిగాడు. ఇంకొకటి మిగిలుంది.

"దేవుడు సరిగ్గా ఒకటి మిగిల్చాడు," అన్నాడు ఆ గురువారం వంటగదిలోకి వస్తూనే. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో వెలుగు చూశాను. శనివారం ఎడమ చివర జెరికో నిలబడతాడు.

మిగతా కుర్రాళ్లు ఏడుగురూ తింటున్నారు. జెరికో వడ్డిస్తున్నాడు. ఆటలో వరస మధ్యన వంగి, కాళ్ల సందులోంచి బంతి వెనక్కి అందించే టకర్ క్రెన్‌షా నోటికి ఎప్పుడూ విశ్రాంతి ఉండదు.

"ఒరే జెరికో, శనివారం ఎవరిని ఆపాలో ముందే కాగితం మీద రాసుకో. ఆ రోజులాగా చెయ్యకు."

"అది నా తప్పు కాదు. నీ బూటు ఊడితే నీ బదులు నన్ను లోపలికి తోశారు."

"కర్రల మీదుగా బంతి తన్నే ఒక్క తన్నుకి వచ్చాడు కోచ్ వీడు. వచ్చి మనవాణ్ని ఆపాడు. అటువాళ్లు కూడా ఆగి చూశారు."

టకర్ పక్కన కూర్చున్న నోలన్‌తో సహా బల్లంతా నవ్వింది. సింకు దగ్గర కోయ్ నవ్వలేదు. కుళాయి కట్టేశాడు.

"ఎప్పుడురా ఇది?"

"సెప్టెంబర్లో, రెండో ఆటలో. మీరప్పుడు రిఫరీతో పోట్లాడుతున్నారు."

కోయ్ నోటుబుక్కులో తన వరస ఆడిన ఆటే ఉంటుంది. కర్రల మీదుగా తన్నే తన్నులు వేరే కోచ్ కాగితంలో ఉంటాయి. నిలబడేది ఈ కుర్రాళ్లే అయినా ఆ కాగితం వేరు. ఇరవై ఆరేళ్లలో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం అతనికి రాలేదు. ఒక్క తన్నుకు దిగినా ఆ రోజు ఆడినట్టే. అంటే మూడు కాదు, నాలుగు అయిపోయాయి. శనివారం దిగితే ఐదు.

చేతులు తుడుచుకోకుండానే వెనక మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. నేను చల్లటి టీ తీసుకెళ్లి ఇచ్చాను.

"ఆడిస్తే శిక్ష పడుతుందా?" అని అడిగాను.

"ఎవరూ ఏమీ అనరు. ఆఫీసులో ఐదని రాసుకుంటారు. వాడి ఏడాది పోతుంది, అంతే." టీ తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. "తప్పు రిఫరీది కాదు, ప్రెస్లర్‌ది కాదు. నాది. ఎవణ్ని తిట్టను?"

తలుపు దగ్గర జెరికో నిలబడి ఉన్నాడు. "నేను ఆడతాను కోచ్. మీ ఉద్యోగం పోతుందని అంటున్నారు అందరూ. అమ్మకి నేను చెప్పుకుంటాను."

కోయ్ జేబులోంచి ఫోను తీసి చాపాడు. "చెప్పు."

కుర్రాడు ఫోను వంక చూశాడు కానీ అందుకోలేదు.

"అందుకే," అన్నాడు కోయ్. "వెళ్లి పీచ్ కాబ్లర్ వడ్డించు."

మర్నాడు ఉదయం ప్రెస్లర్ గదిలో జరిగింది కోయ్ చెప్పగా విన్నదే.

"ఐదైతే ఐదు. వాడు కాకపోతే ఎవడున్నాడు?" అన్నాడు ప్రెస్లర్.

"టకర్‌ని ఎడమ చివరికి జరుపుతాను. మధ్యలో నోలన్‌ని పెడతాను."

"నోలన్ బంతి అందించడం ఎప్పుడన్నా చేశాడా?"

"సోమవారం చేశాడు. సరదాకి."

"సరదాకి." ప్రెస్లర్ కళ్లు నులుముకున్నాడు. "ఆ తల్లికి మాటిచ్చింది నువ్వు. నేను కాదు."

"ఈ కాలేజీ చొక్కా వేసుకునే ఇచ్చాను."

"సరే. నీ వరస, నీ ఇష్టం. ఓడితే అది కూడా నీ ఇష్టమేనని పైవాళ్లకు చెబుతాను."

అతను చెడ్డవాడు కాదు. ఇంట్లో చంటిబిడ్డ, అప్పుడే కట్టుకున్న కొత్త ఇల్లు. ఎవరి భయం వాళ్లది.

శనివారం మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. చివరి నిమిషాల్లో నోలన్ వెనక్కి అందించిన బంతి, విసిరేవాడి తలమీదుగా వెళ్లి దొర్లింది. దాని వెంట పరిగెత్తిన వాళ్లలో మావాడు ఒక్కడూ లేడు. మైకులో నోలన్ పేరు రెండుసార్లు వచ్చింది. "మనుషుల్ని తెచ్చుకోవడం చేతకాదా కోచ్," అని మెట్ల మీదనుంచి అరిచినవాడు ఆదివారం మా వెనక బెంచీలో కూర్చుని పాటలు పాడేవాడే. జెరికో ఆట సాంతం తెల్లటి గీత పక్కన నిలబడి, లోపలికి పిలుస్తారేమోనని హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ తీస్తూ ఉన్నాడు.

సోమవారం కోయ్‌ని తీసేశారు. ముందు వరసలో మనుషుల కొరత అని పత్రికకు చెప్పారు. ప్రెస్లర్‌ని ఉంచారు. ఇరవై ఆరేళ్ల సామాను రెండు అట్టపెట్టెల్లో పట్టింది. టకర్, నోలన్ వాటిని మోసుకొచ్చి ట్రక్కులో పెట్టారు. నోలన్ ఏడుస్తుంటే కోయే ఓదార్చి, బంతి పట్టే వేళ్లు ఎక్కడ ఉండాలో అక్కడే చూపించాడట.

జనవరిలో చలికాలపు కసరత్తులతోపాటు గురువారం భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. కొత్త కోచ్ రానన్నాడు, అతనికి గురువారాలు వీడియోలు చూసే పని. అంట్లు తోమడానికి కోయ్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు.

మూడో గురువారం ఆర్లెథా మింటర్ గుడ్డలో చుట్టిన కార్న్‌బ్రెడ్‌తో వంటగది గుమ్మంలోకి వచ్చింది. వెనక జెరికో. ఈ వంటగది తిండితో ఒళ్లు నిండి, తలుపుకు సరిపడా వెడల్పయ్యాడు. బయట వాళ్ల కారు వెనక సీటు పైకప్పు దాకా సామాను ఉంది. చూడగానే నాకు అర్థమైంది. కోయ్‌కి నాకంటే ముందే అర్థమై ఉంటుంది.

"చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు, కోచ్," అందామె. "పెద్ద యూనివర్సిటీ. ఐదో ఏడు దాకా చదువు ఖర్చంతా కాగితం మీద రాసిచ్చారు."

కోయ్ మూకుడు తోముతూనే ఉన్నాడు. "వీడికి ఇంకా ఆడే నాలుగేళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయని తీసుకున్నారు. అవునా?"

"అవునండీ," అన్నాడు జెరికో.

"అవి ఎలా మిగిలాయో అడిగారా?"

"లేదండీ."

మూకుడు శుభ్రమై చాలాసేపయింది. అయినా తోముతున్నాడు. "నాకు కోపంగా ఉంది, మిస్ ఆర్లెథా. మీ మీద కాదు. వీడి మీద కొంచెం. మిగతాది ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు."

"ఉంటుంది మరి. లేదంటే నేను నమ్మను," అందామె. కార్న్‌బ్రెడ్ విప్పి పెద్ద ముక్క కోసి, సింకు పక్కన అతనికి అందేటట్టు పెట్టింది. క్షమించమని అడగలేదు. అడిగితే అతనికి ఇంకా కష్టమయ్యేది.

కుర్రాళ్లు పళ్లాల ముందు కూర్చున్నారు. జెరికో తర్వాత కొత్తగా చేరినవాడు ఇంకా ఎవడూ లేడు. అందుకని అతనే కోటు విప్పి గరిటె అందుకుని, చివరిసారి అందరికీ వడ్డించాడు. వడ్డన అయ్యాక జెరికో కోటు తీసుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

"ఎడమ కాలు," అన్నాడు కోయ్, వెనక్కి తిరగకుండా.

"ఏంటి కోచ్?"

"వెనక్కి వేసే అడుగు మరీ పొడుగ్గా పడుతోంది. అక్కడ ఎవడూ చెప్పడు. వాళ్లకి నీ వెనక పదిమంది ఉంటారు." ఇప్పుడు తిరిగాడు. "వెయ్యి, చూస్తాను."

జెరికో కోటు తల్లి చేతికిచ్చి, పొయ్యికీ బల్లకూ మధ్య మోకాళ్లు వంచి అడుగు వేశాడు.

"పొడుగు."

మళ్లీ వేశాడు.

"ఇంకా పొడుగే."

కోయ్ చేతుల నుంచి సబ్బునీళ్లు నేల మీద కారుతున్నాయి. నేను తుడుపుకర్ర తెచ్చుకుని, వాళ్ల పని అయ్యేదాకా గోడ పక్కన నిలబడ్డాను.