స్వామి తాగుతాడా అని అడిగిన రోజు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మూడు చోట్లా సర్కారు దవాఖానల్లో క్యాజువాలిటీ నర్సుగా పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. చెబితే మిగతా రెండు ఊళ్లవాళ్లు కాలర్ ఎగరేస్తారు. వాళ్లేమీ తక్కువ తినలేదు.

గుండెనొప్పి అంటే మా క్యాజువాలిటీలో అందరూ పరుగెత్తుతారు. పాము కరిచిందన్నా పరుగెత్తుతారు. మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడంటే మాత్రం అందరికీ ఎక్కడలేని తీరిక వస్తుంది. డాక్టరు దూరం నుంచే చూసి "మెంటల్ కేసు" అంటాడు. సెక్యూరిటీ అతను బ్యాండేజీ గుడ్డ తెచ్చి చేతులు మంచానికి కట్టేస్తాడు. నర్సు రిఫర్ కాగితం రాస్తుంది. ఆ నర్సు నేనే. అంతకుముందు ఒకతన్ని అలాగే కట్టించి వరంగల్ పంపాను. దారిలో ఫిట్స్ వచ్చి పోయాడని అంబులెన్సు డ్రైవరు తర్వాత చెప్పాడు. కాగితం మీద 'మెంటల్' అని రాసిన అక్షరాలు నావే.

కార్తీక మాసంలో ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆటోలోంచి నల్లబట్టల స్వాములు ఆరుగురు దిగారు. వాళ్ల మధ్య ఇంకో నల్లబట్టల మనిషి పెనుగులాడుతున్నాడు. నలభై దాటని పత్తి రైతు. అయ్యప్ప మాల వేసుకుని అది నాలుగో రోజు. వెనకాలే అతని భార్య దిగింది. అతను ఒంటి మీదినుంచి లేని చీమల్ని ఏరి పారేస్తున్నాడు. "శీమలు, శీమలు" అంటున్నాడు.

మాల వేసుకున్న మనిషిని భార్య కూడా స్వామీ అనే పిలవాలి. అతని పాత అలవాట్ల ఊసెత్తకూడదు. పద్ధతి మంచిదే, కాదనను. కానీ వీళ్ల నిర్వాకం వినండి. ముందురోజు సాయంత్రం అతను గోడతో మాట్లాడటం మొదలుపెడితే, దేవుడు ఒంటి మీదికి వచ్చాడని పీఠం ముందు కూర్చోబెట్టారట. కర్పూరం వెలిగించి ఊరంతా వరసగా కాళ్లు మొక్కిందట. ఒకామె కూతురి పెళ్లి ఎప్పుడవుతుందని అడిగితే "శీమలొస్తున్నయ్" అన్నాడట. దాని అర్థమేమిటని పెద్దమనుషులు అరగంట తర్జనభర్జన పడ్డారట. తెల్లారి లేచి అతను, తనకు మాల వేసిన గురుస్వామి చెంపే పగలగొట్టాక గానీ దేవుడు కాదని తేలలేదు. అప్పుడు గుర్తొచ్చింది దవాఖాన.

డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు.

"సైకియాట్రీ కేసు. హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఒకటి వేసి వరంగల్ పంపించెయ్ సిస్టర్."

"గంతే సార్, వరంగలే తీస్కపోతం," అన్నాడు గురుస్వామి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

నేను ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాను. చెమటతో జారిపోతోంది. వేళ్లు గజగజ వణుకుతున్నాయి. నాడి లెక్క అందనంత వేగంగా కొట్టుకుంటోంది. థర్మామీటరు తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టాను.

"పిచ్చికి జ్వరం వస్తదా సార్?"

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, రెండు మూడు రోజులు గడిచాక కొందరికి ఇలా అవుతుంది. అది పిచ్చి కాదు, ప్రాణం తీసే జబ్బు. సరైన వైద్యం అందితే బతుకుతాడు, ఊరికే కట్టేసి పంపితే దారిలోనే పోతాడు. ఆ మాటే చెప్పాను. "తాగుతాడని ఎవరైనా చెప్పారా? నీ ఊహలకు నేను మందులు రాయాలా?" అన్నాడాయన.

వెళ్లి స్వాముల్ని అడిగాను.

"ఈయన తాగుతడా?"

గురుస్వామి కళ్లెర్రజేశాడు. "ఏం మాటలు సిస్టరమ్మ గవి? మెడల మాలున్న స్వామిని పట్టుకొని తాగుతడా అంటవా? కండ్లు పోతయ్!"

"మాల ఎయ్యకముందు సంగతి అడుగుతున్న."

"అప్పటి మనిషి ఇప్పుడు లేడు."

ఎంత వేదాంతం! అప్పటి మనిషి కాలేయం మాత్రం ఇంకా అక్కడే ఉంది.

భార్య వంక చూశాను. కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది. "నువ్వన్న చెప్పు చెల్లె," అన్నాను. "నాకెర్కలే మేడం," అంది. ఒళ్లు మండింది. మొగుడి ప్రాణం పోతుంటే ఈవిడకు పరువు ముఖ్యమా అనుకున్నాను.

ఇక లాభం లేదని గట్టిగా అరిచాను. "స్వామికి రక్తం ఎక్కియ్యాలె! ఇచ్చేటోళ్లు లైన్ల నిలబడుండ్రి!"

పచ్చి అబద్ధం. అయితేనేం, బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకాయనకు షుగరుందట. ఇంకొకాయనకు ఫోనొచ్చింది. దీక్షలో సూది పొడిపించుకోవచ్చో లేదో కనుక్కొస్తానని గురుస్వామి అందరికంటే ముందు మాయమయ్యాడు. రెండు నిమిషాల్లో గది ఖాళీ.

తెర లాగి ఆమె ముందు నిలబడ్డాను. "ఇప్పుడు చెప్పు. సాయంత్రం దాకా ఆగితే చెప్పినా ఫాయిదా లేదు."

నోట్లోంచి కొంగు తీసింది. "పొద్దుగాల లేస్తెనే సీస మేడం. మాల ఎయ్యంగనే బంద్ వెట్టిండు. నాలుగు దినాలసంది సుక్క ముట్టలే."

డాక్టరు అప్పుడు లేచాడు. "ముందే చెప్పొచ్చు కదా" అని నా మీదే విసుక్కున్నాడు. ఆయనకు తోచనిదంతా నేను దాచిపెట్టినట్టు. అయినా మందులు సరిగానే రాశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు విటమిన్ సూది, ఆ తర్వాతే గ్లూకోజు, నరాలను శాంతింపజేసే ఇంజెక్షను గంట గంటకూ. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. నాలుగోరోజు చాయ్ అడిగాడు, తానెక్కడున్నాడని అడిగాడు. ఊరివాళ్లు కొబ్బరికాయలతో వచ్చి అంతా స్వామి దయ అన్నారు. సరే, స్వామి దయే.

డిశ్చార్జి రోజున అతని మాల తీసి కవర్లో పెట్టుకుని ఆమె మందుల చీటీ కోసం నా దగ్గరికి వచ్చింది. నాకు కోపం ఇంకా చల్లారలేదు.

"మొదలే చెప్తే నీదేం పోయేది? సచ్చిపోయేటోడు ఆయన."

"రెండో దినమే చేతులు వణికినయ్ మేడం," అంది. "నాకు అప్పుడే ఎర్క. ఇంట్ల సీస సుత ఉండె. కొంచెం పోస్తె వణుకు ఆగుతదని ఎర్క. చెప్తె మాల తీపిస్తరు, తీస్తె మల్ల తాగుతడని నోరు మూసుకున్న."

బల్ల మీద కూర్చుని కవరును ఒళ్లో పెట్టుకుంది.

"పెండ్లయి పదకొండేండ్లు. ఆయన నన్ను కొట్టని దినాలు గా నాలుగే."

మందుల చీటీ ఆమె చేతికిచ్చాను.

"ఇప్పుడు నయమైంది గదా మేడం," అంది. "మాల లేకున్నా తాగడు గదా?"

తాగడని అనబోయాను. ఆమె నా మొహమే చూస్తోంది. అనలేకపోయాను.