పైతేట మందు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో మందులు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో ఎనలిస్టుగా ఉండేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం. ఒక కేసులో అది కాస్తా తప్పు మనిషి మీదికి పోయింది.

వండూర్ వైపు ఒక డిస్పెన్సరీ ఇచ్చిన జలుబు మందు శాంపిల్‌గా వచ్చింది. చేపల వేటకెళ్ళే కుటుంబానికి చెందిన నూకాలమ్మ, తన రెండేళ్ళ పాపకి ఆ మందు మూడు రోజులు పట్టినా జ్వరం దిగలేదని, కాంపౌండర్ సింహాచలం అందులో నీళ్ళు కలిపాడని ఫిర్యాదు చేసింది. పాపని ఆస్పత్రిలో చేర్చారు. నేరం రుజువైతే సింహాచలం ఉద్యోగం ఊడుతుంది.

ఆ మందులో మూడు పదార్థాలు: జ్వరానికి పారాసిటమాల్, ముక్కుదిబ్బడకి ఫినైలెఫ్రిన్, తుమ్ములకి క్లోర్‌ఫెనిరమిన్. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం వాటిని విడదీసి, ఏది ఎంత ఉందో కాగితం మీద ఒక్కో పీక్, అంటే శిఖరంలాంటి గీతగా చూపిస్తుంది. మొదటి రోజు పారాసిటమాల్ లెక్క ఒక్కటే కట్టాను. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. పసిపిల్ల మందులో నీళ్ళా అని ఒళ్ళు మండిపోయింది. అంతలో సింహాచలమే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సచ్ చెప్తున్నాను దీదీ, చుక్క నీరు కలపలేదు. మీ మిషన్ని ఇంకోసారి అడగండి," అన్నాడు.

నాలుగు చీవాట్లు పెట్టి పంపేశాను. రిపోర్టు పూర్తి చెయ్యాలి కాబట్టి మర్నాడు మిగతా రెండింటి లెక్కా కట్టాను. అవి రెండూ నిండుగా ఉన్నాయి. నీళ్ళు కలిపితే మూడూ పలచబడాలి కదా, ఒక్కటే తగ్గిందేమిటి? అప్పుడు తట్టింది. ఆ రెండూ మందులో కరిగిపోయి ఉంటాయి. పారాసిటమాల్ చాలావరకు పొడిగానే ఉండి, కదపకపోతే అడుక్కి దిగిపోతుంది. కానీ నూకాలమ్మ ఇంటి నుంచి నాకొచ్చిన సీసా అడుగున ఏమీ లేదు.

ఆ శాంపిల్ పంపిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పి నూకాలమ్మనీ, సింహాచలాన్నీ పిలిపించాను. సింహాచలం పెద్ద డబ్బాలోంచి ఆమె తెచ్చుకున్న సీసాలోకి మందు పోసి ఇచ్చాడట. ఆ డిస్పెన్సరీలో అదే పద్ధతి, సీసా మీద లేబుల్ ఉండదు. ఇంటికెళ్ళాక ఏం చేశావని నూకాలమ్మని అడిగాను.

"కిందంతా తెల్లగా మడ్డి దిగిపోనాదమ్మా. పసిదానికి మడ్డి ఎలగ పట్టేది? డ్రమ్ములో వాన్నీళ్ళు తేర్చుకున్నట్టే, పైతేట వేరే సీసాలోకి వొంపీసి, మడ్డి పారబోసీసినాను."

వాళ్ళ పేటలో తాగేది తేరిన వాన నీళ్ళే. పాపం, శుభ్రం కోసం చేసిన పనే అది. ఆ మడ్డే జ్వరం మందని మెల్లగా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే నా పిల్ల మందు నానే పారబోసినానా?"

వెంటనే సింహాచలం అందుకున్నాడు.

"నీది కాదు చెల్లీ, గల్తీ నాది. కుదిపి పట్టమని నేనే చెప్పలేదు."

పక్కన ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకుంటున్నారు. అది తెలిసే అన్నాడు.

చివరికి అతన్ని హెచ్చరించి వదిలేశారు. పాప కోలుకుని ఇంటికెళ్ళింది. నాకు మాత్రం సిగ్గు పోలేదు. మూడు పీకులూ చూడకుండా మనిషిని దొంగని చేశాను నేను. ఉద్యోగం పోవచ్చని తెలిసీ తప్పు నెత్తిన వేసుకున్నాడు అతను. ఆ తర్వాత ఎన్ని శాంపిళ్ళు చేశానో గానీ, లెక్క పూర్తిగా తేలేదాకా ఎవరి మీదా నోరు పారేసుకోలేదు.