అచ్చులో తిరగబడ్డ మెదార్

పికార్డీ పల్లెల్లో గడ్డికోత అంటే పన్నెండుమంది ఒక వరస. నిలువెత్తు పిడి ఉన్న పెద్ద కొడవలిని రెండు చేతులా పట్టుకుని, కుడినుంచి ఎడమకు, అందరూ ఒక్క ఊపున కోస్తూ పోవాలి. ముందు నడిచేవాడి వేగమే అందరి వేగం. ముప్పై ఏళ్లుగా ఆ ముందు చోటు మెదార్ కోషెది. సెంటు భూమి లేని మనిషికి ఊళ్లో ఉన్న పరువంతా అదే.

మెదార్ పుట్టుకతో పుర్రచేతివాడు. ఆ సంగతి ఈ ఊళ్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఎడమవాటంతో కోసేవాణ్ణి వరసలో పెడితే పక్కవాడి కాలు తెగుతుందని భయం, అటువంటివాడికి ఏ ఆసామీ పని ఇవ్వడు. అందుకే తొమ్మిదో ఏట, ఈ ఊరు రాకముందు, తండ్రి అతని ఎడమచేతిని రెండేళ్లపాటు నడుముకు కట్టేశాడు. కొడుకు తిండికి లోటు రాకూడదనే చేశాడు. అయినా అది పసివాడి మీద చేసిన దుర్మార్గమే.

కిందటేడు పట్నంనుంచి బొమ్మలు గీసే ఆయన వచ్చి, కంచె పక్కన కూర్చుని, మెదార్ కోస్తుండగా గీసుకుపోయాడు. ఈ ఏడు కోతకు ముందురోజు, ఆదివారం పూజ అయ్యాక, అచ్చుబొమ్మలు అమ్ముకునేవాడు ఆ బొమ్మనే సత్రానికి తెచ్చాడు. రాగిరేకును ఆమ్లంతో కొరికించి కాగితం మీద ఒత్తిన ఆక్వాటింట్ అచ్చు. మబ్బులూ తడిగడ్డి మీది నీడలూ మెత్తగా అద్దినట్టున్నాయి. మధ్యలో మెదార్, అదే ముక్కు, అదే చిల్లుటోపీ. కొడవలిని మాత్రం ఎడమనుంచి కుడికి ఊపుతున్నాడు.

"ఒరేయ్, మన మెదారన్న పుర్రచెయ్యి రోయ్!" అని అరిచాడు వరసలో రెండోవాడు ఎలువా. "ఇన్నేళ్లు నీ వెనకాలే నడిచా గదన్నా, ఇంకా నా రెండు కాళ్లూ ఉన్నాయంటే మేరీమాత చలవే!"

అందరూ విరగబడి నవ్వారు. కోత మేస్త్రీ ఫిర్మాన్ మాత్రం నవ్వలేదు. "ఏంటిది మెదారూ?" అన్నాడు. మెదార్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతకాలం దాచుకున్నది ఆ గీసినాయన ఎట్లా పట్టేశాడో అర్థం కాలేదు.

అమ్మేవాడే అడ్డుపడ్డాడు. "అదేం కాదండీ. రేకు మీద ఉన్నదున్నట్టు గీస్తే కాగితం మీద కుడెడమలు తారుమారవుతాయి. గీసినాయన మరిచిపోయినట్టున్నాడు. చూడండి, మీ చర్చి గంటగోపురం ఏటికి ఎడమపక్క ఉండాల్సింది కుడిపక్కనుంది గదా!"

ఫిర్మాన్ ఊపిరి పీల్చుకున్నాడు. "అదీ సంగతి! మనవాడు పుర్రచెయ్యయితే నాకు తెలీకుండా ఉంటుందా? రేపు ముందు నడిచేది నువ్వేనయ్యా."

గండం గడిచింది. నోరు మూసుకుంటే చాలు. కాని మెదార్ బొమ్మ మీదనుంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు. అందులోని మనిషి భుజం ఎంత హాయిగా తిరిగి ఉంది! ఆ ఊపు కోసం తన ఒళ్లు ఎన్నేళ్లుగా తపించిందో గుర్తొచ్చింది.

"బొమ్మలో తప్పేం లేదు మేస్త్రీ," అన్నాడు. "నేను పుర్రచేతివాణ్ణే. మా నాన్న చెయ్యి కట్టేసి వాటం మార్పించాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫిర్మాన్ బొమ్మను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎందుకు చెప్పావురా? ఇప్పుడు అందరూ విన్నారు గదా. ఒక్కడికి అనుమానం పుట్టినా అడుగు తప్పుతుంది, ఎవడి కాలో పోతుంది. రేపు ఎలువా ముందు నడుస్తాడు. నువ్వు అందరి వెనకా, దూరంగా రా."

మర్నాడు మెదార్ వరస చివర కోశాడు, ఎప్పటిలాగే కుడినుంచి ఎడమకు. ముందున్న ఎలువా వేగం కుదరక తడబడుతుంటే చూడలేక తల దించుకున్నాడు. మధ్యాహ్నం కంచె నీడలో అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. సూపు గిన్నెలు వచ్చాయి. మెదార్ చెంచాను ఎడమచేత్తో తీసుకున్నాడు. మోచెయ్యి ఎడమపక్క చివర కూర్చున్న ఎలువాకు తగిలి, అతని రొట్టె మట్టిలో పడింది. మెదార్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎలువా రొట్టె తీసి దులుపుకుని లేచాడు. "నువ్వు ఈ చివర కూర్చో అన్నా, చెయ్యి ఆడుతుంది," అని తన చోటు ఇచ్చాడు.