తొమ్మిదో బటన్

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మనిషి. రాతిబిళ్లలను పలక కొలతకు గీసి కోయడం ఆయన పని. కొత్త బిళ్ల గీసేటప్పుడు ఎవరినీ అప్పుడే కోసినదాన్ని కొలతగా పెట్టుకోనిచ్చేవాడు కాదు. ఒక్కోదానికి వెంట్రుకవాసి తేడా వచ్చినా, వందో పలక చట్రంలో పట్టదు. అందుకే మచ్చు పలకను ఒకదాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా దాచుకునేవాడు. "మచ్చును జూసి గీయరా. పక్కదాన్ని జూసి గీస్తే అదీ ఇదీ రెండూ చెడిపోతాయి" అనేవాడు.

నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాక అదే సంగతి కంప్యూటర్ తెర మీద కనబడి నవ్వొచ్చింది. ఖాళీ ఫారం మీదికి బటన్లు లాగి పెడతాం. అన్నిటినీ కలిపి పట్టుకుని, చివర దేన్ని నొక్కితే దాని కొలతకే మిగతావన్నీ వస్తాయి. గిద్దలూరు ఎరువుల దుకాణానికి చేసిన ఫారమైనా సరే, ఒక్క బటన్ కాస్త పక్కకు జరిగి ఉంటే నాకు అన్నం సయించేది కాదు. పలకల మనిషి కొడుకుని మరి.

నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. అమ్మ ఎప్పుడో పోయింది. నాకు పెళ్లి కాలేదు. ఆయనకేం కావాలో నాకు తెలియదు, చెప్పడం ఆయనకు రాదు. చివరికి పాత టచ్ ల్యాప్‌టాప్‌లో ఆయన కోసం ఒక ఫారం చేశాను. ఊరూరి పిల్లలకు పలకలు చేసిన మనిషికి చదువు రాదు కాబట్టి బటన్ల మీద బొమ్మలు పెట్టాను. చెంబును తాకితే "నీళ్లు" అని, పళ్లేన్ని తాకితే "అన్నం" అని నా గొంతే పలుకుతుంది. అప్పటినుంచి ఇంట్లో వినబడే రెండు గొంతులూ నావే.

ఆయన అవసరాలన్నీ లెక్కేస్తే ఎనిమిదే తేలాయి. వరసకు మూడు చొప్పున పేరిస్తే చివరి మూల బోసిగా కనబడింది. ఆ ఖాళీ చూడలేక ఒక కుర్చీ బొమ్మ పెట్టి "కూర్చో" అని పలికించాను. దానివల్ల పనేమీ లేదు, వరస నిండింది. అంతే.

నాయన ఎక్కువగా ఆ మూలనే నొక్కేవాడు. "కూర్చో" అని వినబడగానే ముందు గదిలో పని ఆపి వచ్చేవాణ్ని. పక్క బటన్ నీళ్లది. ఎడమచెయ్యి వణికి వేలు జారిందనుకుని చెంబు నోటికి అందించేవాణ్ని. ఆయన రెండు గుక్కలు తాగి మొహం గోడవైపు తిప్పుకునేవాడు. "ఏంది నాయనా, నీళ్లు నువ్వే అడిగితివి గదా!" అని విసుక్కుని వెళ్లిపోయేవాణ్ని.

వారం తర్వాత తప్పు ఫారంలోనే ఉందని తీర్మానించాను. బటన్లన్నిటినీ కాస్త చిన్నవి చేసి, మధ్యలో రెండు వేళ్లంత సందు వదిలి, మళ్లీ సమానంగా సర్దాను. ఇక వేలు జారినా ఖాళీ మీదే పడుతుంది. ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, మంచం పక్కన నిలబడి చూశాను.

నాయన ఎడమచెయ్యి లేపాడు. చెంబు దాటింది. సందు దాటింది. వణుకుతూ వెళ్లి కుర్చీ బొమ్మ నట్టనడుమ వేలు ఆనించి, నా మొహంలోకి చూశాడు.

"కూర్చో" అంది నా గొంతు.

నాకు సిగ్గేసింది. అన్ని రోజులూ అక్కర్లేని నీళ్లు తాగించి, పైగా కసురుకున్నాను. స్టూలు తెచ్చుకుందామని తిరిగితే మళ్లీ అదే నొక్కాడు. మంచం మీదే, ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఆయన ఇంకే బటనూ ముట్టుకోలేదు.

నాయన పోయి ఆరు నెలలైంది. ఫారం ఇంకా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. సాయంత్రం పని అయ్యాక ఒక్కోసారి తెరిచి, మూల బటన్ నొక్కి, ఆ ఖాళీ మంచం మీద కాసేపు కూర్చుంటాను.