సుభద్రమ్మగారి కారు సీట్ల రంగు

మా చిన్నప్పుడు, అంటే ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువగా కనిపించే రోజుల్లో... ఒక ఆదివారం పొద్దున జీపుకి తాడు కట్టి ఒక పాత కారుని మా రేకుల షెడ్డు ముందుకి లాక్కొచ్చారు. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు, కావాలంటే మడిచి వెనక్కి పడేసుకోవచ్చు. లోపల చూస్తే ఎప్పుడో తర్వాత వేయించిన నల్ల రెక్సిన్‌ని ఎలుకలు కొరికేసి, స్ప్రింగులు పైకి తేలి ఉన్నాయి. ముక్కు మూసుకోవాల్సిందే!

మా నాన్న యాదగిరి కార్లకి సీట్లు కుట్టేవాడు. షూటింగులకి తెచ్చే బండ్లు ఎక్కువగా ఆయన దగ్గరికే వచ్చేవి. మా నాన్న కుట్టిన సీటు మీద హీరో కూర్చున్నాడని స్కూల్లో నేను కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు...

ఈ కారు మాత్రం షూటింగుది కాదు. శ్రీనగర్ కాలనీలో ఉండే సుభద్రమ్మగారిది. ఆవిడ భర్త సినిమాల్లో కెమెరామాన్. ఆయన పోయాక కారు ఏళ్ళ తరబడి ఇంట్లోనే పడి ఉంది. ఇప్పుడెందుకు బాగుచేయించడం అంటే... ఆవిడకి నీటికాసుల జబ్బు. చూపు కొంచెం కొంచెంగా పోతోంది, పోయింది మళ్ళీ రాదని డాక్టర్లు చెప్పేశారట. పూర్తిగా పోయేలోపు ఆ కారుని ఆయన నడిపినప్పటిలాగే ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని ఆవిడ కోరిక.

ఆవిడే వచ్చి ఒక ఫొటో ఇచ్చి వెళ్ళారు. ఆ కారుని ఏదో సినిమాలో వాడినప్పుడు తీసిన స్టిల్లు. లోపల అన్నీ ఇందులో ఉన్నట్టే ఉండాలి యాదగిరీ అని మరీ మరీ చెప్పారు.

ఇక నాన్నని పట్టలేం! తలుపు హ్యాండిళ్ళ కోసం టోలిచౌకిలో మొదలుపెట్టి పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. దొరికినదాన్ని ఫొటో పక్కన పెట్టి చూసి, వంపు కలవలేదని వెనక్కి ఇచ్చేసేవాడు. కిటికీ అద్దం దించే పిడి దొరకడానికే నెల పట్టింది. మీటర్లు బిగించే చెక్క పలకకి తనే రంపం పట్టుకుని కూర్చున్నాడు. అమ్మకి ఒళ్ళు మండి, ఏదో ఒకటి బిగించి పంపక ఈ చాదస్తం ఏందని సతాయించేది.

"సినిమా బండికి ఏది పెట్టినా నడుస్తది. గిది ఆమె బండి" అన్నాడు నాన్న.

ఫొటోలో సీట్లు ఎర్రగా ఉన్నాయి. దానిమ్మ గింజల ఎరుపు. ఫొటో చేతిలో ఉండగా ఆవిడని మళ్ళీ అడగాలని ఎవరికీ తోచలేదు. నాన్న అదే ఎరుపు తోలు తెప్పించాడు.

ఇక్కడ నేను చేసిన పాపం కూడా చెప్పాలి... కారు ఊడుస్తుంటే సీటు పట్టాల కింద ఇరుక్కుపోయిన తోలు ముక్క ఒకటి నాకు దొరికింది. బిస్కెట్ రంగులో, భలే మెత్తగా ఉంది. లోపల ఏం దొరికినా ముందు తనకి చూపించమని నాన్న చెప్పే ఉన్నాడు. నేను చూపించలేదు. పెన్సిళ్ళ సంచీ కుట్టుకుందామని నా పుస్తకాల్లో దాచేశాను.

పని అయ్యాక సుభద్రమ్మగారు వచ్చారు. బాగా కనిపించాలని కారుని ఎండలో నిలబెట్టాం. ఆవిడ వంగి, ముఖం సీటుకి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. ఎరుపు వేశావా అని మెల్లగా అడిగారు. నాన్న ఫొటో అందించాడు. దాన్ని కంటికి ఆనించుకుని చూసి ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. అది అసలు నలుపు తెలుపు ఫొటో! సినిమా హాలు ముందు పెట్టడానికి స్టూడియోలో బ్రష్షుతో రంగులు పూశారు.

"హీరోయిన్ పెదాలకి పూసిన రంగే సీట్లకీ పూసుంటారు నాయనా. నీ తప్పేం లేదు, రంగు సంగతి నేనే చెప్పలేదు. అసలువి బిస్కెట్ రంగు" అన్నారు.

అలా ఫొటోలకి రంగులు పూసేవాళ్ళు మా సందులోనే ఉండేవాళ్ళు. అయినా పోల్చుకోలేకపోయానని నాన్న మొహం మాడిపోయింది. నేను ఏడుస్తూ లోపలికి పోయి ఆ ముక్క తెచ్చిచ్చాను. నాన్న రెండు తగిలించినా బాగుండేది...

"జర ముందుగాల చూపియ్యకపోతివా బిడ్డా" అన్నాడు, అంతే.

ఎర్ర సీట్లు రెండూ విప్పేశాడు. ఆ బిస్కెట్ రంగు తోలు ఇక్కడ దొరకలేదు. మద్రాసు నుంచి రెండుసార్లు తెప్పిస్తే రెండుసార్లూ తేడా వచ్చింది. మూడోసారి కుదిరింది. ఈలోగా ఐదు నెలలు గడిచిపోయాయి.

ఈసారి సుభద్రమ్మగారిని డ్రైవరు చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. సూర్యుడి వైపే తిరిగి నిలబడినా ఆవిడ కళ్ళు చిట్లించలేదు. నాన్నే ఆవిడని మెల్లగా ఎడమవైపు సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటు అదేనట. హ్యాండిలు తడిమారు, చెక్క పలక తడిమారు, కుట్లు వేళ్ళతో లెక్కపెట్టినట్టు తడిమారు. బిస్కెట్ రంగేనా అని అడిగారు. అచ్చం అదేనని నాన్న ఒట్టేసి చెప్పాడు, కానీ గొంతు వణికింది.

ఆవిడ నా అలికిడి విని ఇటు తిరిగారు.

"నువ్వు చెప్పు తల్లీ. నేను బాధపడతానని అంటున్నారా, నిజంగా ఆ రంగేనా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చి గొంతు పూడుకుపోయింది. అవునని తల ఊపాను... గట్టిగా ఊపాను... ఊపితే ఆవిడకేం తెలుస్తుంది?

ఆవిడకి నా జవాబేదీ వినపడలేదు. "పోనీలేమ్మా" అని నా తల నిమిరారు. నాన్న ఎన్ని ఒట్లు వేసినా, నమ్మానులే యాదగిరీ అని నవ్వారు. నమ్మలేదు.

ఇప్పుడైతే ఫోన్‌లో కారు పేరు కొట్టగానే లోపల ఏ రంగు ఉండేదో వచ్చేస్తుంది. మా షెడ్డు ఉన్నచోట కాఫీ షాపు వెలిసింది. నాన్న లేడు, ఆవిడా లేరు, కారు ఎవరి దగ్గరుందో తెలియదు... మీకూ సమయానికి నోరు పెగలక మిగిలిపోయిన మాట ఏదైనా ఉంటే కింద రాసేయండి, మనసు తేలికవుతుందేమో. నాదైతే చిన్న మాటే...

అవునమ్మా, అదే రంగు.