పాచి లేని తొట్టె

నా చిన్నప్పుడు మేము గల్ఫ్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఆఫీసులో లెక్కలు చూసే మా నాన్నగారికి ఉన్నట్టుండి సముద్రపు చేపల పిచ్చి పట్టింది. హాల్లో గాజు తొట్టె పెట్టి, ఉప్పునీళ్లు నింపి, రాళ్లు పేర్చారు. ఒక సెలవు రోజు అరాద్ అనే చోట సముద్రపు ఒడ్డున పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడు, రాతి గుంటలో ఉన్న చిన్న చేపను మగ్గుతో పట్టి తెచ్చారు. వేలెడంత ఉంటుంది. మొద్దు మూతి, నెత్తి మీద కళ్లు. ఈదడం కన్నా, రాయి మీద ముందు రెక్కలు ఆనించి కూర్చుని వచ్చినవాళ్లని ఎగాదిగా చూడటమే దానికిష్టం. దాన్ని బ్లెన్నీ అంటారని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

శుక్రవారం సెలవు కాబట్టి నాన్నగారి ఆఫీసువాళ్లు కుటుంబాలతో భోజనానికి వచ్చేవారు. వాళ్లు వచ్చేలోగా ఆయన అద్దం మీదా రాళ్ల మీదా పట్టిన పాచినంతా కొబ్బరిపీచుతో తోమేసేవారు. తొట్టె తళతళలాడేది. చేప మాత్రం చిక్కిపోతూ వచ్చింది. వేసిన మేత ముట్టేది కాదు.

ఒకసారి అందరూ తొట్టె చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే, భోజనానికి పిలవడానికి వచ్చిన అమ్మ మెల్లగా అంది. "ఏవండీ, ఆ పాచి తోమెయ్యకండి. చేప తినేది అదేనండి. నేను రోజూ చూస్తున్నాను."

"నీకు పోపు సంగతి తెలుసు గానీ, చేపల సంగతి నీకెందుకు?" అన్నారు నాన్నగారు.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది. నా చెవులు వేడెక్కాయి. సిగ్గుపడాల్సింది ఎవరో తెలియని వయసు, అయినా నాకు సిగ్గేసింది. 

కొన్నాళ్లకే చేప పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఒక సాయంత్రం అది తొట్టెలోని గాలి పైపు వెనక, పీచు అందని మూల మిగిలిన పాచిని ఆత్రంగా గీరుకుని తింటోంది. నాన్నగారు ఆఫీసు బట్టల్లోనే తొట్టె ముందు చతికిలబడి చూశారు. తర్వాత వంటింటి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చారు. ఆయన మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన వైపు చూడటానికి నాకే మొహమాటంగా అనిపించింది. మర్నాడు దాన్ని అరాద్ తీసుకెళ్లి అదే గుంటలో వదిలేశాం.

మళ్లీ వచ్చిన శుక్రవారం ఆఫీసువాళ్లు చేప ఏదని అడిగారు. ఎవరికో ఇచ్చేశానంటే నమ్మేవాళ్లే. నాన్నగారు అమ్మను హాల్లోకి పిలిచి, తల దించుకుని చెప్పారు. "ఆ రోజు మీ అందరి ముందూ ఈవిణ్ణి చులకన చేశాను. చేపను చూసింది ఈవిడ. నేను అద్దాన్నే చూసుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాంబారు చల్లారిపోతోందని అమ్మ అందరినీ లేవదీసింది. వెళుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. నలుగురిలో నా భార్యను నోరు జారి ఒక మాట అంటే, గదిలో చెప్పే క్షమాపణతో నాకు సరిపోదు. తప్పు నాదని చెప్పడానికి ఆ నలుగురికీ ఫోన్ చేస్తాను. ప్రతిసారీ సిగ్గేస్తుంది. ఆ మాట చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యను.