పార్కింగులో విన్న ఫైనల్

ఫైనల్ మొదలయ్యే పది నిమిషాల ముందు ఆ అమ్మాయిని కోర్టు నుంచి బయటికి పంపేశారు. ఆడపిల్లల వాలీబాల్ కాబట్టి లోపల తల్లులు, టీచర్లు మాత్రమే ఉన్నారు. తండ్రులందరం సౌదీలో, ధహ్రాన్‌లోని ఒక ప్రైవేటు స్కూలు పార్కింగులో నిలబడి ఉన్నాం. ఆ అమ్మాయి కొత్త స్కూలు జెర్సీ మీద నల్లటి అబాయా వేసుకుని, ఎవరివైపూ చూడకుండా వచ్చి తండ్రి కారులో కూర్చుంది.

ఆమె ఆడటంపై పోటీల కమిటీకి ఫిర్యాదు రాసింది నేను.

మా అమ్మాయీ ఆమే ఆరేళ్లు ఒకే జట్టులో ఆడారు. మాది తల్లిదండ్రులు ఎన్నుకున్న కమిటీ నడిపే కమ్యూనిటీ స్కూలు. పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. రెండు షిఫ్టులకూ ఒకటే సిమెంటు నేల, పైన కప్పు లేదు. ఎండలు ముదిరితే ఆట బంద్. ప్రైవేటు స్కూలుకు ఏసీ కోర్టు ఉంది. లేనిదల్లా బంతిని గట్టిగా కొట్టే పిల్ల. పన్నెండో తరగతికి ఫీజు లేకుండా సీటిస్తామని ఆమెను తీసుకుపోయారు. స్కూలు మారినవాళ్లు ఏడాది దాకా పోటీల్లో ఆడకూడదని నిబంధన ఉన్నా జట్టు జాబితాలో ఆమె పేరు రాశారు.

హైదరాబాదులో ఇరవై ఏళ్లు దినపత్రికలో పనిచేశానని మా స్కూలు వాళ్లు ఫిర్యాదు నన్ను రాయమన్నారు. ఒక్క పేజీలో, దురుసు మాట లేకుండా, రెండు విషయాలు అడిగాను. ఈ అమ్మాయి ఆడవచ్చా? ఒక స్కూలు మరో స్కూలు క్రీడాకారులను ఇలా లాక్కోవచ్చా? నేను నిలదీస్తున్నది స్కూలునే అనుకున్నాను.

ఆమె తండ్రి కడప వైపు మనిషి, కంపెనీ డ్రైవరు. పార్కింగులో నా దగ్గరికి వచ్చాడు.

"ఎవరో బాగా చదువుకున్నోళ్లు రాసినారంట సార్. ఒక్క మాట గూడా తప్పు పట్టేదానికి లేదంట."

"పాపకు ముందే చెప్పలేదా?"

"యాడ చెప్పినారు సార్. షూ లేసులు కట్టుకుంటా ఉంటే వచ్చి చెప్పినారంట." కారు వైపు చూశాడు. "ఫీజు లేదంటే నేనే పంపినా. పాప పోనంటానే ఉండె."

నేనే రాశానన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో లోపల చప్పట్లు మోగాయి. ఎవరో ఫోను చూసుకుని, మొదటి సెట్ కమ్యూనిటీ స్కూలుదేనన్నారు.

"మనోళ్లేనా, మంచిది," అన్నాడు డ్రైవరు.

మేమే గెలిచాం. ఆ ఏడాదితో పన్నెండో తరగతి అయిపోయింది కాబట్టి ఆ అమ్మాయికి ఇక స్కూలు పోటీలు లేవు. ఈ ఏడాది మా జట్టు నుంచి మరో ఇద్దరికి ఆ స్కూలు ఫీజు లేని సీట్లిచ్చింది. నేనడిగిన రెండో ప్రశ్నకు పోటీల కమిటీ ఇంతవరకు జవాబివ్వలేదు.